తుప్పు పట్టేవి - పట్టనివి

తాతల నాటి బంగారపు ఉంగరాన్ని పెట్టెలోంచి తీసి చూస్తే కొత్తదానిలాగే మెరుస్తుంది. ఆ తరంలోనే చేయించిన ఇనుప గడ్డపారను పశువుల కొట్టంలో ఒక మూల పడవేస్తే నాలుగు వానలకే ఎర్రని తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. రాగి చెంబును తోమకుండా వదిలితే నల్లబడి, చెమ్మ తగిలినచోట పచ్చని చిలుము పడుతుంది. వెండి పట్టీలు నల్లబడతాయి. అల్యూమినియం గిన్నె మాత్రం ఏళ్ల తరబడి వాడినా తుప్పు పట్టినట్లు కనిపించదు. ఇవన్నీ లోహాలే. అన్నింటికీ తగిలే గాలి ఒకటే, అన్నింటినీ తడిపే నీరు ఒకటే. అయినా వాటి నడవడిలో ఇంత తేడా ఎందుకు వచ్చింది?

ఇది పరీక్ష కోసం మాత్రమే తెలుసుకోవలసిన విషయం కాదు. పులుసు ఏ గిన్నెలో కాచాలి, పైరుకు కొట్టే మందు ఏ పాత్రలో కలపాలి, సముద్రపు ఒడ్డున ఇల్లు కట్టుకున్నవారు కిటికీ ఊచలను ఎలా కాపాడుకోవాలి, స్నానాల గది కడిగే రెండు మందులను కలపవచ్చునా, కలపకూడదా - ఇవన్నీ ఈ ఒక్క ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి.

ఒక మూలకం మరొక పదార్థంతో కలిసి కొత్త పదార్థంగా మారడానికి చూపే తొందరను రసాయన శాస్త్రంలో 'చర్యాశీలత' అంటారు. ఆ తొందర ఎక్కువగా ఉన్న మూలకం ఒంటరిగా నిలవలేదు. తొందర లేని మూలకం వేల ఏళ్లయినా తన రూపంలోనే ఉంటుంది.

లోహాలు దొరికిన వరుస

మానవుడు లోహాలను ఏ వరుసలో తెలుసుకున్నాడో గమనిస్తే చర్యాశీలత సంగతి సగం అర్థమవుతుంది.

బంగారం నేలలో బంగారంగానే ఉంటుంది. ఏటి ఇసుకలో రేణువులుగానో, పలుగురాళ్ల మధ్య సన్నని చారలుగానో దొరుకుతుంది. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో 1880ల నుంచి 2001 ఫిబ్రవరి 28 వరకు తవ్వింది ఇటువంటి చారలనే. వాటి వెంబడే గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. తమిళ, తెలుగు కుటుంబాలవారు ఎందరో తరతరాలుగా ఆ గనుల్లో పనిచేశారు. భూమి లోపల కోట్లాది ఏళ్లు ఉన్నా ఆ బంగారం దేనితోనూ కలిసి మాసిపోలేదు. కనుకనే అతి ప్రాచీన కాలంలోనే మానవుడి కంటపడింది.

రాగి కొద్దిగా మాత్రమే లోహంగా దొరుకుతుంది. మిగిలినదంతా ఆక్సిజన్‌తోనో, గంధకంతోనో కలిసి రంగురాళ్ల రూపంలో ఉంటుంది. అయితే దాని బంధం గట్టిది కాదు. రంగురాయిని బొగ్గుతో కలిపి కొలిమిలో కాల్చితే రాగి విడివడుతుంది. ఈ విద్య సుమారు 7000 ఏళ్ల కిందటే తెలిసింది. సింధు నాగరికత ప్రజలు రాగిని, రాగిలో తగరం కలిపిన కంచును వాడారు. ఇనుమును కరిగించడం వారికి తెలియదు.

ఇనుము ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకొని ఉంటుంది. దాన్ని విడదీయడానికి మరింత వేడి, మరింత నేర్పు కావాలి. అందుచేత ఇనుము తరవాత వచ్చింది. వచ్చిన తరవాత మన పనివారు దానిలో గొప్ప నైపుణ్యం సంపాదించారు. తెలంగాణలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఒకప్పుడు దూరదేశాలకు మేలైన ఉక్కును పంపిన ఊరు.

జింక్‌ది మరొక చిక్కు. అది ఇనుము కన్నా చర్యాశీలత ఎక్కువ ఉన్న లోహం. పైగా 907 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే ఆవిరి అయిపోతుంది. కొలిమిలో విడివడిన జింక్ ఆవిరిగా బయటికి వచ్చి, గాలి తగలగానే తెల్లని బూడిదగా మారిపోయేది. రాజస్థాన్‌లోని జావర్ పనివారు మూసిన మట్టి బట్టీలలో ఆ ఆవిరిని కిందికి దించి చల్లార్చే పద్ధతి కనిపెట్టారు. యూరప్‌లో 1746లో మార్‌గ్రాఫ్ జింక్‌ను వేరుచేసి దాని గుణాలను వివరించడానికి కొన్ని శతాబ్దాల ముందే జావర్‌లో ఇది పెద్ద పరిశ్రమగా నడిచింది.

ఇక సోడియం, పొటాషియం, అల్యూమినియం వంటి లోహాలు 19వ శతాబ్దం దాకా ఎవరి కంటా పడలేదు. ఉప్పు లేని ఊరు లేదు, ఉప్పులో సోడియం ఉంది. నేలలో అల్యూమినియం లేని చోటు లేదు. భూమి పైపొర బరువులో సుమారు 8 శాతం అదే. అయినా కనిపించలేదు. ఇవి తాము కలిసిన పదార్థాలను ఎంత గట్టిగా పట్టుకొని ఉన్నాయంటే కొలిమి మంటకు, బొగ్గుకు లొంగలేదు. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన క్షారాల గుండా విద్యుత్తును పంపి పొటాషియాన్ని, సోడియాన్ని వేరు చేశాడు. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ హెరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే విద్యుత్తుతో అల్యూమినియం తీసే చౌక పద్ధతిని కనుగొన్నారు. ఆ ఇద్దరూ 1863లోనే పుట్టారు, ఇద్దరూ 1914లోనే చనిపోయారు.

నేటికీ అల్యూమినియం తయారీకి ఆ పద్ధతే ఆధారం. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో పంచపట్మాలి కొండ మీద బాక్సైట్‌ను తవ్వుతారు. దామన్‌జోడిలో దాన్ని శుద్ధి చేసి అల్యూమినాగా మారుస్తారు. అంగుల్‌లో విద్యుత్తుతో అల్యూమినియం తీస్తారు. ఒక కిలో లోహానికి దాదాపు 13 నుంచి 15 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. అంగుల్ కర్మాగారానికి సొంత విద్యుత్ కేంద్రం అవసరమైనది ఇందుకే. చొట్టలు పడిన అల్యూమినియం గిన్నెను పాత సామాను కొనేవాడికి వేస్తే, దాన్ని కరిగించడానికి ఈ విద్యుత్తులో సుమారు ఇరవయ్యో వంతు శక్తి చాలు.

స్థూలంగా చూస్తే, చర్యాశీలత తక్కువ ఉన్న లోహం ముందు దొరికింది, ఎక్కువ ఉన్నది చివర దొరికింది.

పరమాణువులో ఉన్న కారణం

ప్రతి పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. అందులోని ప్రోటాన్లకు ధనావేశం. కేంద్రకం చుట్టూ ఋణావేశం గల ఎలక్ట్రాన్లు అంచెలంచెలుగా ఉంటాయి. ఈ అంచెలను కర్పరాలు అంటారు. రసాయన చర్యలలో పాల్గొనేవి ముఖ్యంగా చిట్టచివరి కర్పరంలోని ఎలక్ట్రాన్లే. ఆ కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండితే పరమాణువుకు నిలకడ వస్తుంది. హీలియం వంటి చిన్న పరమాణువుకు రెండే చాలు.

సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు ఉన్నాయి. మొదటి కర్పరంలో 2, రెండో దానిలో 8, చివర ఒక్కటి. ఆ ఒక్కటీ పోతే లోపలి ఎనిమిదితో నిలకడ దొరుకుతుంది. క్లోరిన్‌లో 17 ఎలక్ట్రాన్లు. చివరి కర్పరంలో 7 ఉన్నాయి. మరొక్కటి వస్తే ఎనిమిది నిండుతాయి. ఒకదానికి వదిలించుకోవాలని ఉంది, మరొకదానికి తెచ్చుకోవాలని ఉంది. రెండూ ఎదురుపడితే ఇక ఆగవు.

ఎలక్ట్రాన్లను వదిలేవి లోహాలు. రసాయన చర్యల్లో ఎక్కువగా వాటిని తీసుకొనేవి, లేదా పంచుకొనేవి అలోహాలు. లోహాల విషయంలో ఎంత సులువుగా వదిలితే అంత చర్యాశీలత. అలోహాల విషయంలో ఎంత బలంగా లాక్కుంటే అంత చర్యాశీలత.

సోడియం ముక్క నీటిలో పడితే భగ్గుమనవచ్చు. క్లోరిన్ వాయువును పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఈ రెండూ కలిసి ఏర్పడేది ఉప్పు. గంజాం తీరంలోనూ, తూత్తుకుడిలోనూ ఎండలో ఆరి తెల్లని కుప్పలుగా కనిపించేది, చిటికెడు తగ్గితే కూర రుచించనిది అదే. మూలకంగా ఉన్నప్పటి తొందర సమ్మేళనంగా మారాక ఉండదు. వాటికి కావలసినది అప్పటికే దొరికింది.

పట్టికలో పైనుంచి కిందికి

రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీఫ్ 1869లో అప్పటికి తెలిసిన మూలకాలను పరమాణు భారాల వరుసలో పేర్చి, ఒకే తీరు గుణాలు కలవి ఒకే చోటికి వచ్చేటట్లు పట్టిక తయారుచేశాడు. కొన్ని గళ్లను ఖాళీగా వదిలి, అక్కడికి రావలసిన మూలకాల గుణాలను ముందే చెప్పాడు. వాటిలో గాలియం 1875లో, జర్మేనియం 1886లో దొరికాయి. వాటి గుణాలు ఆయన చెప్పినట్లే ఉన్నాయి. 1913లో మోస్లే చేసిన పరిశోధనల వల్ల పరమాణు భారం కన్నా ప్రోటాన్ల సంఖ్యే సరైన ఆధారమని తేలింది. నేటి ఆవర్తన పట్టికలో 118 మూలకాలు, 7 అడ్డు వరుసలు, 18 నిలువు వరుసలు ఉన్నాయి. అడ్డు వరుసను పీరియడ్ అని, నిలువు వరుసను గ్రూపు అని అంటారు.

మొదటి గ్రూపులో హైడ్రోజన్‌ను పక్కన పెడితే లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం వరుసగా వస్తాయి. వీటిని క్షార లోహాలు అంటారు. అన్నింటికీ చివరి కర్పరంలో ఒకే ఎలక్ట్రాన్ ఉంటుంది. లిథియం నీటిలో నెమ్మదిగా బుడగలు వదులుతుంది. సోడియం కరిగి గుండ్రని ముత్యంలా మారి నీటి మీద పరుగులు తీస్తుంది. పొటాషియం ఊదారంగు మంటతో మండుతుంది. రుబీడియం, సీజియం నీరు తగిలీ తగలగానే పేలుతాయి. అందువల్ల సోడియాన్ని, పొటాషియాన్ని గాలీ చెమ్మా సోకకుండా కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు.

కిందికి దిగేకొద్దీ ఈ తొందర ఎందుకు పెరుగుతుంది? జాతరలో తల్లి చేయి పట్టుకొని నడిచే బిడ్డ తప్పిపోడు. తల్లికి దూరంగా, మధ్యలో పదిమంది అడ్డుగా ఉన్న బిడ్డ జనంలో కలిసిపోవడం తేలిక. లిథియంలో చివరి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దగ్గరగా ఉంటుంది. సీజియంలో అది ఆరో కర్పరంలో ఉంటుంది. మధ్యలో అయిదు కర్పరాలలోని ఎలక్ట్రాన్లు కేంద్రకపు ఆకర్షణకు అడ్డుపడతాయి. కనుక అది సులువుగా జారిపోతుంది.

అలోహాల తీరు వేరు

17వ గ్రూపులో ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ ఉన్నాయి. వీటిని హాలోజన్లు అంటారు. ఇక్కడ కథ తలకిందులవుతుంది. అన్నింటికన్నా పైనున్న ఫ్లోరిన్‌కే చర్యాశీలత ఎక్కువ. అది చీకటిలో సైతం హైడ్రోజన్‌తో కలిసి పేలుతుంది. క్లోరిన్, హైడ్రోజన్ కలిసి పేలడానికి ఎండ తగలాలి. బ్రోమిన్‌కు వేడి కావాలి. అయోడిన్ నెమ్మదిగా, అరకొరగా కలుస్తుంది.

కారణం మాత్రం పాతదే. అలోహం బయటినుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కోవాలి. కేంద్రకం ఎంత దగ్గరగా ఉంటే ఆ లాగుడు అంత బలంగా ఉంటుంది. చిన్నదైన ఫ్లోరిన్ పరమాణువు బలంగా లాగుతుంది. పెద్దదైన అయోడిన్‌లో కేంద్రకపు పట్టు చివరిదాకా అందదు. లోహానికి మేలుచేసిన దూరమే అలోహానికి అడ్డయింది.

ఫ్లోరిన్‌ను వేరుచేయబోయి 19వ శతాబ్దంలో కొందరు పరిశోధకులు విషానికి గురయ్యారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. చివరికి 1886 జూన్ 26న పారిస్‌లో ఆన్రీ మొయిసాన్ సాధించాడు. ఆయనకు 1906లో నోబెల్ బహుమతి లభించింది. క్లోరిన్‌కు రెండు ముఖాలున్నాయి. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్రా వద్ద దాన్ని యుద్ధంలో విషవాయువుగా వదిలారు. ఆ క్లోరిన్‌నే కొద్దిపాటిగా తాగునీటిలో కలిపి కలరా, టైఫాయిడ్ క్రిములను చంపుతున్నారు. క్రిమిని చంపేదీ, మనిషిని ఉక్కిరిబిక్కిరి చేసేదీ దాని చర్యాశీలతే. తేడా మోతాదులో ఉంది.

ఎడమనుంచి కుడికి

ఒక పీరియడ్ వెంట నడిచినా క్రమం కనిపిస్తుంది. మూడో పీరియడ్‌లో మొదటిది సోడియం. అది చన్నీటితోనే తీవ్రంగా చర్య జరుపుతుంది. తరవాతి మెగ్నీషియం చన్నీటిలో చాలా నెమ్మది. ఆవిరి తగిలితే చురుకు. అల్యూమినియం ఇంకా నిదానం. సిలికాన్ లోహమూ కాదు, పూర్తిగా అలోహమూ కాదు. మామూలు వేడిలో గాలికీ నీటికీ చలించదు. అక్కడినుంచి అలోహాల తొందర మొదలవుతుంది. తెల్ల భాస్వరం గాలి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది. సోడియాన్ని కిరోసిన్‌లో దాచినట్లే దీన్ని నీటిలో దాస్తారు. గంధకాన్ని ముట్టిస్తే నీలిమంటతో మండుతుంది. క్లోరిన్ దాదాపు అన్ని లోహాల మీదా పడుతుంది. చివరిదైన ఆర్గాన్ దేనితోనూ కలవదు.

ఎడమనుంచి కుడికి పోయేకొద్దీ కేంద్రకంలో ప్రోటాన్లు ఒక్కొక్కటే పెరుగుతాయి. కర్పరాల సంఖ్య మారదు. కనుక కేంద్రకపు పట్టు బిగుస్తుంది, పరమాణువు చిన్నదవుతుంది. ఎలక్ట్రాన్‌ను వదలడం కష్టమవుతుంది, లాక్కోవడం తేలికవుతుంది. అందుకే లోహగుణం ఎడమవైపు, అలోహగుణం కుడివైపు బలంగా ఉంటాయి. మొత్తం పట్టికలో చురుకైన లోహాలు ఎడమవైపు కింది మూలలోనూ, చురుకైన అలోహాలు కుడివైపు పై మూలలోనూ ఉంటాయి.

ఆర్గాన్, హీలియం, నియాన్ వంటి ఉత్కృష్ట వాయువులకు చివరి కర్పరం నిండే ఉంటుంది. అవి దేనితోనూ కలవకపోవడం వల్ల చాలాకాలం ఎవరికీ తెలియలేదు. మెండలీఫ్ తొలి పట్టికలో వాటికి వరుసే లేదు. హీలియం జాడ మొదట దొరికింది భూమి మీద కాదు, సూర్యుడిలో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. ఆ ఏడాది సూర్యకాంతిని విడదీసి చూసినప్పుడు కనిపించిన కొత్త పసుపుగీత హీలియానిదని తరవాత తేలింది. భూమి మీద 1895లో రామ్సే దాన్ని కనుగొన్నాడు. ఈ వాయువులు ఎన్నటికీ కలవవనే నమ్మకం 1962లో సడలింది. నీల్ బార్ట్‌లెట్ ఆ ఏడాది జెనాన్‌తో సమ్మేళనాన్ని తయారుచేశాడు.

నియమానికి ఎదురు తిరిగేవి కూడా ఉన్నాయి. 11వ గ్రూపులో రాగి, వెండి, బంగారం పైనుంచి కిందికి వస్తాయి. క్షార లోహాల లెక్క ప్రకారం బంగారానికే తొందర ఎక్కువ ఉండాలి. నిజానికి దానికే తక్కువ. ఈ వరుసలో లోపలి ఎలక్ట్రాన్ల అడ్డు అంత గట్టిగా పనిచేయదు. బంగారపు కేంద్రకంలోని 79 ప్రోటాన్లు చివరి ఎలక్ట్రాన్‌ను బిగించి పట్టుకుంటాయి. అందువల్ల పట్టికలో స్థానం చూసి అంచనా వేయాలి, పరీక్షతో దాన్ని సరిచూసుకోవాలి.

ఒకటి మరొకదాన్ని తొలగించడం

మైలుతుత్తం కరిగించిన నీలిరంగు నీటిలో శుభ్రమైన ఇనుప మేకును ఉంచితే కొద్దిసేపటిలో దానిపై ఎర్రని రాగి పూత ఏర్పడుతుంది. మైలుతుత్తంలో ఉన్నది రాగి. ఇనుము దానికన్నా చురుకైనది కనుక తాను ద్రావణంలోకి దిగి రాగిని బయటికి తోస్తుంది. రాగి తీగను ఇనుప లవణపు ద్రావణంలో ఉంచితే ఏ మార్పూ రాదు. చురుకైన లోహం చురుకు తక్కువైన దాన్ని తొలగిస్తుంది. తక్కువైనది ఎక్కువైన దాన్ని తొలగించలేదు.

ఈ సంగతి రైతుకు తెలిసి ఉండాలి. తోటల తెగుళ్లకు మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం తయారుచేస్తారు. దాన్ని ఇనుప పాత్రలో కలిపితే ఇనుము రాగిని లాగేస్తుంది, పాత్ర చెడుతుంది, మందూ చెడుతుంది. మట్టి పాత్రలోనో ప్లాస్టిక్ పాత్రలోనో కలపాలి. సున్నం సరిపడిందో లేదో చూడడానికి ఇనుప కత్తిని మిశ్రమంలో కొద్దిసేపు ముంచుతారు. కత్తికి ఎర్రని పూత పడితే మరికొంత సున్నం కావాలి.

బంగారం తీయడంలోనూ ఈ సూత్రం ఉంది. పొడిచేసిన రాతిలోని బంగారాన్ని గాలి తగిలేటట్లు సైనైడ్ ద్రావణంలో కరిగిస్తారు. ఆ ద్రావణంలో జింక్ పొడి వేస్తే జింక్ కరిగి బంగారం బయటపడుతుంది. కోలారు గనులు మూతపడినా, రాతిపొడితో ఏర్పడిన సైనైడ్ దిబ్బలు ఆ ఊరి పక్కన మిగిలాయి. రైలు పట్టాలను అతికేటప్పుడు ఇనుప ఆక్సైడ్‌లో అల్యూమినియం పొడి కలిపి అంటిస్తారు. అల్యూమినియం ఆక్సిజన్‌ను లాక్కోగా పుట్టే వేడికి ఇనుము కరిగి పట్టాల సందులో పోతుంది.

ఇనుమును కాపాడేది కూడా జింకే. ఇనుప రేకులకు, బకెట్లకు జింక్ పూత వేస్తారు. పూత గీసుకుపోయినా ఇనుము కన్నా ముందు జింక్ తాను తరిగిపోతుంది, ఇనుము నిలుస్తుంది. తగరం పూసిన డబ్బా సంగతి అలా కాదు. తగరం ఇనుము కన్నా చురుకు తక్కువైనది. పూత గీరుకుపోతే ఇనుమే ముందు పాడవుతుంది. యానాం, గోపాలపురం, చెన్నై వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి తుప్పును మరింత త్వరపెడుతుంది. కనుక అక్కడ ఊచలకు వేసిన రంగు గీసుకుపోయినచోట వెంటనే మళ్లీ రంగు పూయాలి.

మొదటి ప్రశ్నలో ఒకటి మిగిలింది. అల్యూమినియం ఇనుము కన్నా చురుకైనది కదా, మరి పాడవదేం? నిజానికి దానిపై గాలి తగలగానే ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా తక్కువ. కాని సందులేకుండా అతుక్కొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుపతుప్పు బొరుసుగా ఉండి రాలిపోతుంది. ప్రతిసారీ కొత్త ఇనుము గాలికి, నీటికి దొరుకుతుంది.

వంటింటి రసాయనం

చింత చచ్చినా పులుపు చావదంటారు. ఆ పులుపు చచ్చిపోకుండా లోహం మీద పనిచేస్తుంది. చింతపండుతో రుద్దితే రాగి చెంబు తళతళలాడడానికి కారణం పైనున్న మురికిపొరను పులుపు కరిగించడమే. కాని ఆ చెంబులోనో, ఇత్తడి గిన్నెలోనో పులుసు నిలవ ఉంచితే గాలిలోని ఆక్సిజన్ తోడుగా రాగి కొద్దికొద్దిగా పులుసులోకి దిగుతుంది. అటువంటి పులుసు తిన్నవారికి కడుపునొప్పి, వాంతులు పట్టుకుంటాయి.

దీనికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం కళాయి. పాత్రను కాల్చి, నవాసాగరం చల్లి మురికిపొరను తొలగించి, తగరం కరిగించి దూదితో లోపలంతా పూస్తారు. తగరం పులుపుకు తేలికగా లొంగదు. చారు తగరపు గిన్నెలో కాచే అలవాటు కూడా ఇందుకు తగినదే. అయితే కళాయి అరిగి లోపలి ఎరుపు కనిపిస్తే మళ్లీ పూయించాలి. తగరంలో సీసం కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. సీసం శరీరంలో చేరి పోగుపడే విషం, ముఖ్యంగా పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఊరగాయను పింగాణీ జాడీలో పెట్టడం వెనుక ఉన్న తెలివి కూడా ఇదే. పింగాణీలో లోహాలు ముందే ఆక్సిజన్‌తో కలిసి నిలకడ పొందాయి. ఉప్పూ పులుపూ వాటిని కదిలించలేవు.

బీదరు కళాకారులు లోహాల మధ్య ఉన్న ఈ తేడాతో అందాన్నే సృష్టించారు. ఎక్కువ జింక్, కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్రలో వెండి తీగలను పొదుగుతారు. బీదరు కోట మట్టి, నవాసాగరం కలిపిన ద్రావణం తగిలితే పాత్ర నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. నల్లని నేల మీద వెన్నెల తీగల వంటి ఆ పని ఇప్పటికీ సాగుతోంది.

అన్నింటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. బ్లీచింగ్ పౌడరును, మరుగుదొడ్లు కడిగే ఆమ్లాన్ని ఎన్నడూ కలపకూడదు. బ్లీచింగ్ పౌడరులో అణగి ఉన్న క్లోరిన్ ఆమ్లం తగలగానే వాయువుగా బయటపడుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాలకే ముప్పు. రెండు మందులు కలిస్తే రెట్టింపు శుభ్రమవుతుందని అనుకోవడం పొరపాటు.

ఉంగరం మెరుపు, గడ్డపార తుప్పు, ఉప్పు రుచి, క్లోరిన్ విషం - ఇవన్నీ చివరి కర్పరంలోని కొద్ది ఎలక్ట్రాన్ల మీద ఆధారపడి ఉన్నాయి. ఆవర్తన పట్టికలో ఒక మూలకం ఎక్కడ ఉందో చూసి దాని నడవడిని చాలావరకు ఊహించవచ్చు. దేన్ని దేనికి దగ్గర చేయాలో, దేన్ని దేనికి దూరంగా ఉంచాలో తెలిసినవారి ఇంట్లో పాత్రలు నిలుస్తాయి, పైరు నిలుస్తుంది, ఆరోగ్యమూ నిలుస్తుంది.

ఆలోచించి చెప్పండి

1. సోడియాన్ని కిరోసిన్‌లోను, తెల్ల భాస్వరాన్ని నీటిలోను ఎందుకు నిలవచేస్తారు?

2. గ్రూపులో కిందికి పోయేకొద్దీ క్షార లోహాల చర్యాశీలత పెరుగుతుంది, హాలోజన్ల చర్యాశీలత తగ్గుతుంది. రెండింటికీ కారణం ఒకటే అని ఎలా చెప్పగలరు?

3. జింక్ పూతకు, తగరం పూతకు గల తేడా ఏమిటి? మీ ఇంట్లో ఏయే వస్తువులకు ఈ పూతలున్నాయో గుర్తించండి.

4. మీ ఊరిలో కళాయి పోసేవారు ఉన్నారా? పెద్దలను అడిగి ఆ పని జరిగే తీరును పది వాక్యాలలో రాయండి.